విల్సన్ వెనక్కి రావడం తప్పేమీ కాదు

‘ఆన్ డేంజరస్ గ్రౌండ్’ అనే పాత అమెరికన్ సినిమా గురించి రాసినవాళ్లలో చాలామంది ఒకే మాట అంటారు. సినిమా అంతా బాగుంది గానీ, చివరి కొద్ది నిమిషాలే చెడగొట్టాయి అని. కఠినంగా సాగిన కథను ఆఖర్లో తేనెలో ముంచారట. చూసేవాళ్లు సంతోషంగా ఇంటికి పోవాలని అతికించిన ముగింపట. ఈ మాట చాలాచోట్ల చదివాను, చాలామంది నోట విన్నాను. నాకు మాత్రం ఒప్పుకోబుద్ధి కాదు. ఆ ముగింపు లేకపోతే ఈ సినిమా చెప్పాల్సిన సంగతి సగంలోనే ఆగిపోయేదని నా నమ్మకం. ఎందుకో చెబుతాను. కథ మొత్తం చెప్పకుండా ఆ సంగతి చెప్పడం కుదరదు కాబట్టి, ముందే తెలిస్తే చూడబుద్ధి కాదనుకునేవాళ్లు సినిమా చూసి వచ్చి తర్వాత చదవండి. 82 నిమిషాలే. ఒక పూట వంటకు పట్టేంత సమయం కూడా కాదు.

ముందు నాలుగు వివరాలు. ఈ సినిమాను నికొలస్ రే 1950లో తీశాడు. ఆర్‌కేఓ స్టూడియోలో చాన్నాళ్లు ఉండిపోయి 1951 డిసెంబరులో బయటికి వచ్చింది. ఆ స్టూడియో అప్పుడు హోవర్డ్ హ్యూజ్ చేతిలో ఉండేది. కథకు ఆధారం జెరాల్డ్ బట్లర్ రాసిన ఒక నవల. స్క్రీన్‌ప్లే ఎ. ఐ. బెజరైడీస్. సంగీతం బెర్నార్డ్ హెర్మన్. ‘సైకో’ సినిమాలో స్నానాల గది ఘట్టానికి వాయులీనాలతో మన వెన్నులో చలి పుట్టించినాయన ఈయనే. పోలీసు జిమ్ విల్సన్‌గా రాబర్ట్ రయన్, చూపులేని మేరీ మాల్డెన్‌గా ఐడా లుపినో వేశారు. రే ఆ తర్వాత 1955లో ‘రెబెల్ వితౌట్ ఎ కాజ్’ తీసి లోకమంతా పేరు తెచ్చుకున్నాడు. కానీ ఒంటరి మనుషుల్ని ఆయన ఎంత దగ్గరగా చూశాడో తెలియాలంటే ఈ సినిమానూ, దీనికి ముందు తీసిన ‘ఇన్ ఎ లోన్లీ ప్లేస్’నూ చూడాలి.

ఇలాంటి సినిమాల్ని ‘ఫిల్మ్ నువార్’ అంటారు. ఫ్రెంచి మాట, నల్ల సినిమా అని అర్థం. యుద్ధం ముగిశాక హాలీవుడ్ సినిమాలు ఒక్కసారిగా ప్యారిస్‌కు వచ్చిపడితే, వాటిలో ఒక రకం కథలు చీకటిగా ఉన్నాయని గమనించి 1946లో అక్కడి విమర్శకులు పెట్టిన పేరు. రాత్రి, తడిసిన వీధి, టోపీ నీడలో సగం ముఖం, నమ్మించి ముంచే మనుషులు, ఇవన్నీ ఉండే సినిమాలన్నమాట. ‘ఆన్ డేంజరస్ గ్రౌండ్’ మొదటి సగం అచ్చం ఇలాగే ఉంటుంది. రెండో సగంలో మాత్రం తెర అంతా తెల్లబడిపోతుంది. కొండలు, మంచు, ఎటు చూసినా తెలుపు. నల్ల సినిమాను తెల్లటి మంచులోకి తీసుకుపోయిన సినిమాలు అరుదు. ఎందుకు తీసుకుపోయారన్నదాంట్లోనే అసలు సంగతంతా ఉంది.

మొదలు ఎలా అవుతుందో చూడండి. ముగ్గురు పోలీసులు రాత్రి డ్యూటీకి బయల్దేరుతున్నారు. మొదటి ఇద్దరి ఇళ్లలో భార్యలున్నారు. ఒకరింట్లో పిల్లల గోల కూడా ఉంది. తుపాకీ పట్టీ తగిలించుకునేటప్పుడు పక్కన ఇంకో మనిషి చెయ్యి ఉంది. మూడో ఇల్లు విల్సన్‌ది. అక్కడ ఎవరూ లేరు. అతను ఒక్కడే తింటూ, తింటూనే నేరస్తుల ఫోటోలు తిరగేస్తున్నాడు. కంచం పక్కన ఆ ముఖాలే. డైలాగు ఒక్కటి కూడా అవసరం లేకుండా ఇతని బతుకేమిటో రెండు నిమిషాల్లో మనకు తెలిసిపోతుంది. ఇంటికి పనిని తెచ్చుకోవడం కాదిది. ఇంట్లో పని తప్ప ఇంకేమీ లేకపోవడం.

మనలో చాలామంది ఒంటరితనం అంటే చుట్టూ మనుషులు లేకపోవడం అనుకుంటాం. విల్సన్‌కు మనుషుల కొరత లేదు. రాత్రంతా మనుషులతోనే ఉంటాడు. బార్లలో, సందుల్లో, లాడ్జీల్లో వందల ముఖాలు చూస్తాడు. కానీ ఆ ముఖాలన్నీ అతనికి ఒకే ముఖం అయిపోయాయి. నేరం చేసినవాడు, చెయ్యబోయేవాడు, చేసినవాణ్ని దాచేవాడు, ఇంతే అతని లోకం. పదకొండేళ్లుగా ఇదే పని చేస్తున్నాడు. ఎదుటి మనిషిలో ఇంకేమైనా ఉంటుందని అనుకునే అలవాటే పోయింది. ఒకచోట దుకాణంలో పనిచేసే అమ్మాయితో కాసేపు నవ్వుతూ మాట్లాడతాడు. ఆ అమ్మాయికి స్నేహితుడు ఉన్నాడు. పైగా పోలీసువాళ్లతో తిరగడమా అన్నట్టు తేలిగ్గా ఒక మాట అనేస్తుంది. ఆమెకు అది సరదా మాట. రయన్ ముఖంలో నవ్వు ఆగిపోయే తీరు చూస్తే, ఆ మాట అతనికి ఎంత లోతుగా తగిలిందో అర్థమవుతుంది. ఏడవడు, తిట్టడు. నవ్వు మాత్రం ఆగిపోతుంది.

ఇక్కడ కొట్టే ఘట్టం గురించి చెప్పాలి. ఒక పోలీసును చంపినవాళ్ల కోసం వెతుకుతూ విల్సన్ బర్నీ అనే కుర్రాణ్ని ఒక గదిలో మూలకు తోస్తాడు. వాడు నోరు విప్పడు. అప్పుడు విల్సన్ అరుస్తాడు. ఎందుకు నా చేత ఈ పని చేయిస్తారు, చివరికి చెప్పేదే కదా, ముందే చెప్పొచ్చు కదా అనే అర్థం వచ్చేలా. కొట్టబోయేవాడు బతిమాలుతున్నట్టు ఉంటుంది ఆ గొంతు. కోపంలో వేడుకోలు, వేడుకోలులో ఒక రకమైన ఆనందం. చూడటానికి భయం వేస్తుంది. కెమెరా మర్యాదగా అక్కణ్నుంచి తప్పుకుంటుంది. దెబ్బలు మనకు చూపించరు.

మన పోలీసు సినిమాలు గుర్తు చేసుకోండి. 1989లో ‘అంకుశం’ వచ్చినప్పటి నుంచి నేటి దాకా, తెలుగే కాదు కన్నడం, తమిళం కూడా కలుపుకోండి. నిజాయతీ గల పోలీసు చట్టాన్ని పక్కనపెట్టి దుర్మార్గుణ్ని చితకబాదితే హాలంతా ఈలలు. నేనూ వేశాను, అబద్ధం చెప్పను. అక్కడ మన లెక్కంతా దెబ్బ తిన్నవాడి మీదే ఉంటుంది. వాడు దానికి తగినవాడా కాదా, అంతే. కొట్టిన చేతికి ఏమవుతుంది అని మనం అడగం. ఈ సినిమా అడిగేది అదొక్కటే. రోజూ కొట్టే చెయ్యి, రాత్రి ఇంటికి వచ్చాక దేన్ని పట్టుకుంటుంది? ఎవర్ని తాకుతుంది?

విల్సన్ ఇంటికి వచ్చి చేతులు కడుక్కునే ఘట్టం ఒకటుంది. ఊరికే కాదు, రుద్ది రుద్ది కడుక్కుంటాడు. తర్వాత తువ్వాలుతో వేళ్లు తుడుచుకుంటాడు. మా అవ్వకు ఇంగ్లీషు రాదు. మేం చూస్తుంటే పక్కన కూచుని చిక్కుడుకాయలు వలుస్తూ మధ్యమధ్య తెర వైపు చూసేది. ఈ ఘట్టం వచ్చినప్పుడు వలవడం ఆపి, “వీడు అన్నం తిన్న చెయ్యి కూడా కాదే, అంతసేపు కడుగుతాడేమిరా? ఏం చేసొచ్చినాడో!” అంది. కథ తెలియకుండానే కథలోని అసలు ప్రశ్న పట్టేసింది. మంచి సినిమాకు భాష అడ్డం రాదని అంటారు కదా, అది ఉత్తమాట కాదు.

విల్సన్ తోటి పోలీసు, పెద్దవాడైన డేలీ, అతన్ని నిలదీస్తాడు. ఈ చెత్తంతా మోసుకుని ఎలా బతుకుతున్నావు అని విల్సన్ అడిగితే, నేను ఇంటికి వెళ్లేటప్పుడు దాన్ని ఇంటికి తీసుకుపోను, నాకు మనుషులున్నారు అన్న భావంలో చెబుతాడు. బతుకులోంచి ఏమైనా తీసుకోవాలంటే ముందు అందులో ఏదో ఒకటి వేయాలి కదా అని కూడా అంటాడు. డేలీ వేషం వేసిన చార్ల్స్ కెంపర్ సినిమా విడుదల కాకముందే 1950లో కారు ప్రమాదంలో చనిపోయాడు. ఆ సంగతి తెలిసి చూస్తే ఆ మందలింపు ఇంకొంచెం బరువుగా వినిపిస్తుంది. కానీ ఆ సలహా విల్సన్‌కు ఎక్కదు. సలహా మంచిదే. వినేవాడి దగ్గర వెయ్యడానికి ఏమీ మిగల్లేదు, అదీ చిక్కు.

ఫిర్యాదులు పెరిగాక పై అధికారి ఇతన్ని కొన్నాళ్లు కళ్లకు దూరంగా ఉంచాలని ఉత్తరాన మంచు కొండల్లోకి పంపిస్తాడు. అక్కడ ఒక అమ్మాయి హత్య జరిగింది. అక్కణ్నుంచి సినిమా తెల్లబడుతుంది. ఆ మంచు భాగాన్ని కొలరాడో కొండల్లో తీశారు. నగరంలో గోడల మధ్య, సందుల మధ్య ఇరుక్కున్న కెమెరాకు ఒక్కసారిగా మైళ్ల కొద్దీ ఖాళీ దొరుకుతుంది. దాక్కోవడానికి చీకటి లేదు. నడిస్తే అడుగులు పడతాయి. చేసింది కనిపిస్తుంది. నగరంలో విల్సన్ చేసినదంతా రాత్రుల్లో కలిసిపోయింది. ఇక్కడ అది కుదరదు.

ఆ ఖాళీలో విల్సన్‌కు ఎదురయ్యే మనిషి చనిపోయిన అమ్మాయి తండ్రి బ్రెంట్. చేతిలో తుపాకీ. హంతకుడు దొరికితే విచారణ, కోర్టు ఏమీ లేదు, తన చేతుల్తోనే చంపేస్తానంటాడు. ఈ వేషం వేసిన వార్డ్ బాండ్ భారీ మనిషి, గొంతూ భారీదే. బ్రెంట్ ఎవరు? నిన్నటిదాకా నగరంలో విల్సన్ ఎలా ఉన్నాడో అలా ఉన్న మనిషి. తేడా ఒక్కటే, ఇతనికి కోపానికి కారణం ఉంది. కూతురు పోయింది. విల్సన్‌కు ఆ కారణం కూడా లేదు. తన కోపాన్ని ఇంకొకరి ఒంటి మీద చూస్తూ దాని వెంట మంచులో నడవడం, ఇదే విల్సన్‌కు మొదటి పాఠం. ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. రే అద్దం మాత్రం ఎదురుగా పెడతాడు.

కార్లు మంచులో జారి ఆగిపోయాక ఇద్దరూ కాలినడకన ఒక వెలుతురు చూసి వెళ్తారు. ఆ ఇంట్లో మేరీ ఉంటుంది. చూపు లేదు. హంతకుడు ఆమె తమ్ముడు డానీ. మతి నిలకడ లేని కుర్రాడు. అతన్ని దాచింది ఆమే.

లుపినో నటన గురించి ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. చూపులేని పాత్ర అంటే మన సినిమాల్లో అయినా, వాళ్ల సినిమాల్లో అయినా రెండే దారులు. అయితే జాలి పుట్టించే దిక్కులేని మనిషి, లేకపోతే అన్నీ తెలిసిన దేవత. మేరీ రెండూ కాదు. తన ఇంట్లో తను ఎక్కడ ఏముందో తెలిసిన గృహిణి. టీ ఇస్తుంది, పొయ్యి చూసుకుంటుంది, అడిగినదానికి సూటిగా జవాబు చెబుతుంది, అవసరమైతే అబద్ధమూ ఆడుతుంది. ఒక హంతకుణ్ని ఇంట్లో దాచి పోలీసు ముందు మామూలుగా కూర్చోగలిగిన ఆడది దేవత ఎలా అవుతుంది? తమ్ముడి మీద ప్రేమతో ఆమె చేసింది తప్పే. చూపు రావచ్చేమోనన్న వైద్యాన్ని కూడా తమ్ముణ్ని వదిలి వెళ్లలేక వాయిదా వేసుకుంది. ప్రేమ ఆమెను మంచిదాన్ని చేసింది, అదే ప్రేమ ఆమెను గుడ్డిదాన్నీ చేసింది. చూపు సంగతి కాదు నేను చెప్పేది.

ఐడా లుపినో లండన్‌లో పుట్టి హాలీవుడ్‌లో పేరు తెచ్చుకున్న నటి. అప్పటికే దర్శకురాలు కూడా. ఆ రోజుల్లో హాలీవుడ్‌లో సినిమాలు తీస్తున్న ఆడవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, వేళ్లు మిగిలిపోతాయి కూడా. 1953లో ‘ది హిచ్ హైకర్’ ఆమె తీసిందే. ఈ సినిమా షూటింగ్‌లో రే జబ్బు పడిన రోజుల్లో కొన్ని ఘట్టాలు ఆమే తీసిందని చెబుతారు. మేరీ చేతులు ఎప్పుడు ఎక్కడ ఉండాలో అంత కచ్చితంగా ఉండటం చూస్తే నాకు ఆశ్చర్యం అనిపించదు.

మేరీకీ విల్సన్‌కూ మధ్య మాటలే ఈ సినిమాకు గుండెకాయ. పోలీసు పని ఎలా ఉంటుంది అని ఆమె అడుగుతుంది. ఎవర్నీ నమ్మకుండా ఉండటం అలవాటవుతుంది అంటాడు. అయితే నువ్వు అదృష్టవంతుడివి, నాకు ఆ వీలు లేదు, నేను అందర్నీ నమ్మి తీరాలి అన్నట్టు జవాబిస్తుంది. చాలా మామూలుగా అంటుంది. కన్నీళ్లు లేవు. కానీ విల్సన్ బతుకంతా అక్కడ తలకిందులవుతుంది. అతను ఇన్నాళ్లూ నమ్మకపోవడాన్ని తన తెలివి అనుకున్నాడు, వృత్తి నేర్పిన విద్య అనుకున్నాడు. ఈమె దాన్ని తనకు అందని సౌఖ్యంలా మాట్లాడుతోంది. మెట్టు దిగాలన్నా, తెలియనివాడు ఇంట్లోకి వస్తే కూర్చోబెట్టాలన్నా ఆమె నమ్మాల్సిందే. నమ్మకం ఆమెకు గుణం కాదు, కర్రలాంటి పనిముట్టు.

ఇంకో చిన్న సంగతి. ఆమె విల్సన్ గొంతులో జాలి లేదని గమనిస్తుంది, అది నచ్చిందని చెబుతుంది. ఆమె మనుషుల్ని గొంతుతోనే గుర్తుపడుతుంది. తరాల నుంచి వేరే భాషల మధ్య ఉన్న మనలాంటివాళ్లకు ఇది కొంచెం తెలిసిన విద్యే. బెంగళూరు బస్సులో వెనక సీట్లోంచి ఎవరో “రా అమ్మా, ఇట్లా కూచో” అంటే తల దానంతటదే తిరుగుతుంది. మాటకంటే ముందు గొంతు అందుతుంది. విల్సన్ గొంతులో మేరీకి అందిన ఆ మనిషి ఎవరో విల్సన్‌కే తెలియదు. పదకొండేళ్లుగా అతని గొంతు విన్నవాళ్లంతా భయంతో విన్నారు. మొదటిసారి ఒకరు భయం లేకుండా విన్నారు.

అతన్ని మార్చింది ప్రేమ అని చాలామంది రాశారు. ప్రేమ ఉంది, కాదనను. నా లెక్కలో మాత్రం అంతకు ముందే ఇంకోటి జరిగింది. మేరీ అతనికి ఒక పని అప్పగించింది. నా తమ్ముణ్ని నువ్వు పట్టుకో, ఆ తండ్రి చేతికి మాత్రం చిక్కనివ్వకు, దెబ్బ తగలకుండా తీసుకురా అంది. దెబ్బలకు పేరుపడ్డ మనిషికి, దెబ్బ తగలకుండా చూడమనే పని! అతని పాత లెక్కలేవీ ఆమెకు తెలియవు. తెలియకుండానే సరిగ్గా అతను చెయ్యలేని పనే అతని చేతుల్లో పెట్టింది. మనిషి ఒంటరితనం పోవడానికి పక్కన ఇంకో మనిషి ఉంటే చాలదని ఈ సినిమా నాకు చెప్పింది. నీ మీద ఆధారపడ్డాను అని ఎవరైనా అనాలి. నువ్వు మాట నిలబెట్టుకుంటావని ఎవరైనా నమ్మాలి.

అప్పుడు విల్సన్ ఏం చేస్తాడో చూడండి. పాకలో దాక్కున్న డానీ దగ్గరికి వెళ్తాడు. వాడి చేతిలో కత్తి. నగరంలో అయితే ఒక్క గుద్దు. ఇక్కడ నిలబడి మెల్లగా మాట్లాడతాడు. బర్నీని తిట్టిన అదే గొంతు. రయన్ ఇక్కడ నటించే తీరు గొప్పది. ఓపిక అనేది ఆ ఒంటికి కొత్త బట్టల్లా ఉంటుంది, ఇంకా సరిపోలేదు, అయినా వేసుకున్నాడు. ఇంతలో బ్రెంట్ వచ్చి పడతాడు. పెనుగులాట. డానీ పారిపోయి కొండ రాళ్లెక్కి, జారి, పడి చనిపోతాడు. బ్రెంట్ దగ్గరికి వెళ్లి చూసి, వీడు చిన్నపిల్లాడు కదా అని నివ్వెరపోతాడు. వేటాడి చంపాలనుకున్నవాడు ముఖం చూశాక పసివాడు. ఆ శవాన్ని బ్రెంటే తన చేతుల మీద మోసుకొస్తాడు. నాలుగు పేజీల డైలాగు రాసినా ఇంత రాదు.

గమనించండి, విల్సన్ మాట నిలబెట్టుకోలేకపోయాడు. మారిన మనిషి అనగానే మన కథల్లో అతనికి వెంటనే ఫలితం దక్కుతుంది. బిడ్డను కాపాడతాడు, దుర్మార్గుడు లొంగిపోతాడు. ఇక్కడ మారిన మనిషి ఓడిపోయాడు. ఆ ఓటమితోనే వెళ్లి మేరీ ముందు నిలబడాలి.

ఇక సంగీతం. వేట ఘట్టాల్లో హెర్మన్ కొమ్ము వాద్యాలను మీద పడేలా మోగిస్తాడు. కుక్కలు మొరిగినట్టు, కొండలు తిరిగి అరిచినట్టు ఉంటుంది. మేరీకి మాత్రం వియోలా ద’అమోర్ అనే పాతకాలపు తంత్రీవాద్యం. దీనిలో విల్లు తగిలే తీగల కింద ఇంకో వరుస తీగలుంటాయి. వాటిని ఎవరూ తాకరు. పై తీగ మోగితే అవి వాటంతటవే కంపిస్తాయి. మన సితారులో తరఫ్ తీగల్లాగన్నమాట. ఆ వాద్యం వాయించిన వర్జీనియా మజెవ్‌స్కీ పేరు తెర మీద ప్రత్యేకంగా వేశారు. ఆ రోజుల్లో వాద్యకారులకు అలాంటి గౌరవం దాదాపు దొరికేది కాదు. ఒక తీగ మోగితే తాకని తీగ పలకడం! మేరీకీ విల్సన్‌కూ మధ్య జరిగింది చెప్పడానికి ఇంతకన్నా సరైన వాద్యం దొరకదు.

ఇప్పుడు ముగింపు దగ్గరికి వద్దాం. రే మొదట అనుకున్నది విల్సన్ ఒంటరిగా నగరానికి తిరిగి వెళ్లిపోవడం. ఇప్పుడు మనం చూసే ముగింపు తర్వాత చేరింది. డానీ పోయాక మేరీ విల్సన్‌ను వెళ్లిపొమ్మంటుంది. జాలితో ఉండొద్దంటుంది. అతను కారెక్కి నగరం దాకా వస్తాడు. దారిలో డేలీ మాటలు, మేరీ మాటలు చెవుల్లో మోగుతుంటాయి. మళ్లీ వెనక్కి వెళ్తాడు. మెట్ల దగ్గర ఇద్దరి చేతులు కలుస్తాయి. అదీ ముగింపు. ఒంటరిగా వెళ్లిపోతేనే నిజంగా ఉండేది, కలవడం కల్లబొల్లి అని విమర్శకుల వాదన.

నా వాదన ఇది. చెడు ముగింపు అయితేనే నిజం అనుకోవడం కూడా ఒక అలవాటే. విల్సన్ రోగమే అది! ఎదుటి మనిషిలో మంచి ఉందంటే నమ్మకపోవడం, మేలు జరిగిందంటే ఎక్కడో మోసం ఉందని వెతకడం. సినిమా 80 నిమిషాల పాటు ఆ రోగాన్ని మనకు చూపించింది. చివర్లో మనమే అదే కళ్లతో సినిమాను చూసి, “ఇదంతా నమ్మలేం” అంటున్నాం. నమ్మడం మేరీకి ఎంత కష్టమో విల్సన్‌కూ అంతే కష్టం, చూసే మనకూ అంతే కష్టం.

పైగా అతను తిరిగి వచ్చింది గెలిచిన మగాడిలా కాదు. మాట తప్పినవాడిలా. ఆమె తమ్ముడు ఇతని ఎదుటే పోయాడు. ఆమె వద్దంది. సినిమాల్లో మగాళ్లు కొండ దిగి వెళ్లిపోవడం చాలా సులువు, దానికి వీరత్వం అని పేరు కూడా ఉంది. ఓడిపోయిన ఇంటికే తిరిగి వెళ్లి తలుపు దగ్గర నిలబడటం కష్టం. చేతుల్ని చూపిస్తూ మొదలైన సినిమా చేతులతోనే ముగియడం నాకు న్యాయంగా తోస్తుంది. కొట్టిన చెయ్యి, కడుక్కున్న చెయ్యి, దారి తడుముకునే చెయ్యి, శవాన్ని మోసిన చెయ్యి. ఆఖర్న ఒక చెయ్యి ఇంకో చేతిని పట్టుకుంది. ఇది అతికించినట్టు ఉందా? నాకైతే అక్కడికే వస్తున్నట్టు అనిపించింది.

లోపం లేదని అనడం లేదు. ఉంది, కానీ అందరూ చూపించేచోట కాదు. గదిలో దెబ్బలు తిన్న బర్నీ ఏమయ్యాడు? మొదటి సగం తర్వాత సినిమా వాణ్ని మరిచిపోతుంది. చనిపోయిన ఆ అమ్మాయి ముఖం కూడా మనకు గుర్తుండదు. విల్సన్ మారాడు, సంతోషం. అతను మారకముందు చితికిపోయినవాళ్ల మాటేమిటి? ఒక మనిషి బాగుపడటం వేరు, అతని వల్ల దెబ్బతిన్నవాళ్లకు న్యాయం జరగడం వేరు. ఈ సినిమా మొదటిది చెప్పి రెండోదాన్ని వదిలేసింది. విమర్శించాలంటే ఇక్కడ విమర్శించాలి. తిరిగి రావడాన్ని కాదు.

మన ఇంటి పేజీలో అమెరికా పోలీసు సినిమా ఏమిటని కొందరు పెద్దవాళ్లు అడగొచ్చు. చుట్టాలందరూ ఒక వీధిలో ఉన్న కాలం పోయింది. మన పిల్లలు పుణేలో, హైదరాబాదులో, ఇంకా దూరాన ఒక్కో గదిలో ఒక్కొక్కరుగా ఉంటున్నారు. పనిలో ఎందరితోనో మాట్లాడతారు, గదికి వచ్చి ఒంటరిగా తింటారు, తింటూ ఏదో తెర చూస్తుంటారు. ఫోను చేస్తే మనం ఏమంటాం? తిన్నావా, ఆరోగ్యం చూసుకో, దిగులు పడకు. మంచి మాటలే, డేలీ మాటల్లాంటివి. వాటితో పాటు ఒక్కోసారి మేరీలాగా ఏదైనా ఒక పని అప్పగించి చూడండి. అవ్వ కళ్లద్దాల సంగతి నువ్వే చూడాలి, చెల్లి చదువు విషయం నువ్వే మాట్లాడాలి, నీ మీదే వదిలేశాం అనండి. మనిషిని నిలబెట్టేది ఓదార్పు కంటే అప్పగింతే అని నా అభిప్రాయం.

సినిమా దొరికితే ఇంట్లో అందరూ కలిసి చూడండి. మరీ చిన్నపిల్లలకు వద్దు, మొదటి సగంలో కరుకుదనం ఉంది. ఇంగ్లీషు అక్షరాలు కింద వేసుకుని, రాని పెద్దవాళ్లకు పక్కన కూర్చుని చెబుతూ చూస్తే ఇంకా మంచిది. ముగింపు మీద మీ మాట నా మాటకు ఎదురుగా ఉంటే మరీ సంతోషం. పండక్కి కలిసినప్పుడు తేల్చుకుందాం.